విదేశాంగ శాఖ న్యాయ విభాగానికి బహిరంగ లేఖ: సెప్టెంబరు 18 నాటి ఫైలు ఏది?

విదేశాంగ మంత్రిత్వ శాఖ, న్యాయ, ఒప్పందాల విభాగం అధికారులకు,
న్యూఢిల్లీ.

అయ్యా, అమ్మా,

1967 సెప్టెంబరు 18న మీలాంటి ఉద్యోగంలోనే ఉన్న ఒకాయన తన ప్రభుత్వానికి ఒక రహస్య పత్రం పంపారు. పేరు థియోడర్ మెరాన్. ఇజ్రాయెల్ విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారు. పోలండులో పుట్టి, చిన్నతనంలోనే నాజీల శ్రమ శిబిరం పాలై, ప్రాణాలతో బయటపడ్డ మనిషి. అరబ్ దేశాలతో జరిగిన జూన్ యుద్ధం ముగిసి అప్పటికి మూడు నెలలే అయింది. యుద్ధంలో చేతికొచ్చిన ప్రాంతాల్లో మన పౌరులకు ఊళ్లు కట్టించవచ్చా అని పైవాళ్లు అడిగారు. కూడదు, యుద్ధకాలంలో పౌరులను కాపాడే నాలుగో జెనీవా ఒప్పందంలో స్పష్టంగా ఉన్న నిబంధనకు అది విరుద్ధం అని ఆయన రాశారు. ఏలినవారికి ఏది ఇష్టమో తెలిసి కూడా రాశారు. వాళ్లు చదివారు, పక్కన పెట్టారు. జోర్డాన్ నదికి పడమటనున్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంకు, అప్పటిదాకా జోర్డాన్ చేతిలో ఉండేది. అక్కడ, 1948 యుద్ధంలో ధ్వంసమైన క్ఫార్ ఎత్సియోన్ స్థలంలో ఆ నెల తిరగకముందే వెస్ట్ బ్యాంకులోని మొదటి ఇజ్రాయెలీ ఆవాసం మళ్లీ వెలిసింది.

సరిగ్గా 57 ఏళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు 18న, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగు జరిగింది. ఆ జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా తీర్పును అమలు చేయాలని, ఆక్రమిత పాలస్తీనా ప్రాంతంలో ఇజ్రాయెల్ తన చట్టవిరుద్ధ ఉనికిని 12 నెలల్లో ముగించాలని తీర్మానం. అనుకూలంగా 124 దేశాలు, వ్యతిరేకంగా 14. ఓటింగుకు దూరంగా ఉన్నవి 43. ఆ 43లో మనం ఉన్నాం.

తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ అది నాకొక ప్రశ్నను మిగిల్చింది. ఆ రోజు మన దేశం ఓటు వేయకుండా ఉండడానికి ముందు, మెరాన్ రాసినటువంటి కాగితం మీ విభాగం నుంచి ఏదైనా వెళ్లిందా? వెళ్లి ఉంటే అందులో ఏముంది?

తెలుగులో ఎందుకు రాస్తున్నానని అనుకోవచ్చు. ఆ రోజు మన తరఫున వివరణ ఇచ్చిన శాశ్వత ప్రతినిధి పర్వతనేని హరీశ్ గారు ఉస్మానియాలో ఇంజినీరింగు చదువుకున్నవారు. కనీసం ఆయనకు అనువాదకుడి అవసరం ఉండదు. ఇక నా సంగతి. జిల్లా కోర్టులో భూమి దావాలు నడుపుకొనే వకీలును. అంతర్జాతీయ న్యాయం నా వృత్తి కాదు. అయితే ఈ ఆవాసాల తగాదాను చదివేకొద్దీ, పై పొర తీస్తే లోపల ఉన్నది నాకు తెలిసిన సరుకేనని అర్థమైంది. పట్టా ఎవరిది, సాగు ఎవరిది, శిస్తు ఎవరు కట్టారు, పోరంబోకు అని ఎవరు తేల్చారు, అభ్యంతరం చెప్పుకోవడానికి ఎన్ని రోజుల గడువు ఇచ్చారు: అంతా అదే.

ఈ ఆవాసాలకు ఇంగ్లిషులో వాడే సెటిల్మెంటు అన్న మాటనే చూడండి. మన రెవెన్యూ భాషలో సెటిల్మెంటు అంటే సర్వే చేసి, హద్దులు పాతి, ఎవరి భూమి ఎవరిదో తేల్చి రికార్డుకెక్కించడం. ఊళ్లలో దీనికి మరో అర్థం కూడా ఉంది. నలుగురు మనుషులను వెంటబెట్టుకుని వెళ్లి, కాగితం ఉన్నవాడిని బెదిరించి ఖాళీ చేయించడాన్నీ సెటిల్మెంటు అనే అంటారు. వెస్ట్ బ్యాంకులో బ్రిటిషువాళ్లు మొదలుపెట్టి జోర్డాన్ కొనసాగించిన మొదటి రకం సెటిల్మెంటు, సుమారు మూడో వంతు భూమికి మాత్రమే పూర్తయింది. 1968లో ఇజ్రాయెల్ సైన్యం 291వ నంబరు ఉత్తర్వుతో దాన్ని ఆపేసింది. మిగతా భూమికి పక్కా రికార్డు లేకుండా పోయింది. ఆ రికార్డు లేని నేల మీదనే తర్వాతి కథంతా నడిచింది.

మీలో చాలామందికి ఎలోన్ మోరె కేసు తెలిసే ఉంటుంది. అయినా ఒకసారి దగ్గర నుంచి చూడమంటాను, ఎందుకంటే ఆ తీర్పును చదివినంత ఉత్కంఠతో నేను ఈ మధ్య ఏ తీర్పునూ చదవలేదు. వెస్ట్ బ్యాంకులో నాబ్లుస్ పట్టణం దగ్గర రుజేబ్ అని ఒక ఊరు. 1979 జూన్‌లో ఆ ఊరి భూమి దాదాపు 700 దునాములు, మన లెక్కలో 170 ఎకరాల పైచిలుకు, సైనిక అవసరానికి తీసుకుంటున్నామని ఉత్తర్వు వచ్చింది. రెండు రోజులకు ఆవాసం కట్టేవాళ్లు సైన్యం సాయంతో కొండ మీద దిగారు. ఊరివాళ్లు 17 మంది ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకే వెళ్లారు. అంతకు కొద్ది నెలల ముందే బెయిత్ ఎల్ కేసులో అదే కోర్టు, భద్రత కోసమని సైన్యం చెబితే కాదనలేమని ఆవాసాన్ని నిలబెట్టింది. జెనీవా ఒప్పందం దేశాల మధ్య ఒడంబడికే కాబట్టి దాని మీద ఇక్కడ తీర్పు చెప్పలేమని, ఆవాసాలకు అడ్డొచ్చే 49వ అధికరణం జోలికే పోలేదు. కాబట్టి రుజేబ్ రైతులు గెలుస్తారని ఎవరూ అనుకోలేదు.

అప్పుడు రెండు ప్రమాణ పత్రాలు వచ్చాయి. ఒకటి మాజీ సైన్యాధిపతి హైమ్ బార్ లెవ్‌ది, అదీ రైతుల తరఫున. ఈ ఆవాసం వల్ల భద్రతకు ఒరిగేదేమీ లేదు, యుద్ధం వస్తే దాన్ని కాపాడడానికే సైన్యాన్ని కేటాయించాల్సి వస్తుందని ఆయన చెప్పారు. రెండోది ఆవాసం కట్టినవాళ్లదే. మేము వచ్చింది భద్రత కోసం కాదు, దేవుడి ఆజ్ఞ మేరకు, శాశ్వతంగా ఉండడానికి వచ్చామని వాళ్లు దాపరికం లేకుండా చెప్పేశారు. సర్కారు వకీలు ముఖం ఎలా మారిపోయి ఉంటుందో ఊహించుకోగలను. సొంత పక్షం సాక్షి నిజం చెప్పి కేసు ముంచడం నాకూ అనుభవమే. అయిదుగురు న్యాయమూర్తుల తరఫున మోషె లాండౌ రాసిన ప్రధాన తీర్పు తేల్చినవాటిలో ముఖ్యమైనది ఇది: ఆక్రమణ సైనిక పాలన స్వభావ రీత్యా తాత్కాలికం, ఆ అధికారంతో శాశ్వతమైన ఊరు కట్టడం కుదరదు. ఖాళీ చేయండి అన్నారు. ఖాళీ చేశారు.

ఖాళీ చేసి ఇంటికి పోలేదు. కబీర్ అనే మరో కొండ ఎక్కారు. ఎలోన్ మోరె ఇప్పటికీ అక్కడే ఉంది. ఈసారి అది ప్రైవేటు భూమి కాదు, ప్రభుత్వ భూమి అన్నారు.

ఇక్కడి నుంచే నాకు తెలిసిన విద్య మొదలవుతుంది. రైతు భూమి తీసుకుంటే కోర్టు పట్టుకుంటుందని తేలిపోయింది కాబట్టి, అది అసలు రైతు భూమే కాదని తేల్చాలి. అందుకు 1858 నాటి ఒట్టోమాన్ భూమి చట్టాన్ని దుమ్ము దులిపి తీశారు. ఆ చట్టం ప్రకారం ఒక రకం భూమిని పదేళ్లు వరుసగా దున్నితే హక్కు వస్తుంది, మూడేళ్లు బీడు పెడితే పోతుంది. ఊరి అంచున నిలబడి మనిషి గట్టిగా కేక వేస్తే ఆ కేక వినపడనంత దూరాన ఉన్న నేల మృతభూమి, అంటే సర్కారుది. కేక దూరం! రైతులను సాగుకు రప్పించి పన్ను రాబట్టుకోవడానికి సుల్తాను పెట్టుకున్న కొలత అది. దాన్నే సైనిక పాలన తిరగేసి, రైతులను సాగు నుంచి తప్పించడానికి వాడుకుంది. కొండ మడిలో రాళ్ల మధ్య ఆలివ్ చెట్లు ఉన్నా, దున్నిన నేల సగానికి తక్కువైతే మడి మొత్తం సాగు కానట్టే లెక్క. అభ్యంతరానికి 45 రోజులు. అభ్యంతరం వినేది సైనిక కమిటీ. రుజువు చేసుకునే భారం రైతు మీద. రికార్డు తయారు కాకుండా 1968లో ఆపినవాళ్లే, రికార్డు చూపించమని అడుగుతారు.

ఈ దారిలో సుమారు 9 లక్షల దునాములు ప్రభుత్వ భూమిగా మారాయి. సరే, ప్రభుత్వ భూమే అనుకుందాం. అప్పుడైనా 1907 హేగ్ నిబంధనల్లో 55వ అధికరణం ఉంది కదా. ఆక్రమించిన దేశం అక్కడి ప్రభుత్వ ఆస్తికి నిర్వాహకుడు మాత్రమే, ఫలం అనుభవించవచ్చు కానీ మూలం చెడగొట్టకూడదు. కౌలుదారుకు తోట అప్పగిస్తే పళ్లు తింటాడు. చెట్లు కొట్టి ఇల్లు కట్టుకుని తన అల్లుడికి రాసివ్వడు. మన దగ్గర బంజరును అసైన్ చేస్తే ఆ ఊరి భూమిలేని పేదకే ముందు ఇస్తారు, కనీసం కాగితం మీద. అక్కడ ఎవరికి ఇచ్చారన్న లెక్కను 2018లో ఇజ్రాయెల్ ప్రభుత్వమే సమాచార హక్కు కింద బయటపెట్టింది. పంచిన భూమిలో పాలస్తీనియులకు దక్కింది నూటికి పావు శాతం కూడా లేదు, 0.24.

పాలస్తీనియుల ప్రైవేటు భూమి మీద వెలిసిన ఇళ్లను కూడా క్రమబద్ధం చేస్తామని 2017లో చట్టం చేస్తే, 2020లో అక్కడి సుప్రీంకోర్టే ఎనిమిదిమంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా కొట్టేసింది. ఆ కోర్టుకు ఆ మేరకు మర్యాద దక్కాలి. కానీ ఆవాసాలన్న విధానమే చట్టబద్ధమా అన్న అసలు ప్రశ్న వచ్చినప్పుడు, అది రాజకీయ ప్రశ్న అని తలుపు వేసింది. మడి మడికీ తీర్పు చెప్పి, పొలం మొత్తం మీద మాట్లాడని కోర్టు అది.

మాట్లాడాల్సిన నిబంధన 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో 49వ అధికరణం ఆరో పేరా. ఆక్రమించిన దేశం తన పౌర జనాభాలో కొంత భాగాన్ని తాను ఆక్రమించిన ప్రాంతంలోకి తరలించకూడదు. ఒక్క వాక్యం. భద్రత కోసమైతే తరలించవచ్చన్న మినహాయింపు ఆ పేరాలో లేదు.

ఇజ్రాయెల్ వాదనలు మీకు తెలియనివి కావు. వెస్ట్ బ్యాంకు మీద జోర్డాన్‌కు సరైన హక్కే లేనప్పుడు అది ఎవరి నుంచి ఆక్రమించినట్టు అన్నది మొదటిది. ఇది తెలివైన వాదనే, ఒప్పుకుంటాను. కానీ ఒప్పందం కాపాడేది రాజు హక్కును కాదు, అక్కడ ఉంటున్న మనుషులను. నా ఇంటి యజమాని పట్టా నకిలీదని తేలితే, దారిన పోయేవాడికి నా సామాను బయట పడేసే హక్కు రాదు. రెండోది, మేమెవరినీ బలవంతంగా తరలించలేదు, వాళ్లే వెళ్లారన్నది. రోడ్డు వేసి, కరెంటు ఇచ్చి, ఇంటికి సబ్సిడీ ఇచ్చి, కాపలాకు సైన్యాన్ని పెట్టి, వాళ్లే వెళ్లారంటే ఎలా? వెస్ట్ బ్యాంకులో ఇజ్రాయెల్ కట్టిన గోడ మీద 2004లో వచ్చిన కేసులోనే అంతర్జాతీయ న్యాయస్థానం దీనికి జవాబిచ్చింది: ఏర్పాటు చేయడం, ప్రోత్సహించడం కూడా నిషేధంలోకే వస్తాయని. 2024లో మళ్లీ చెప్పింది. ఈసారి వెస్ట్ బ్యాంకులో సుమారు 4.65 లక్షలు, తూర్పు జెరూసలేంలో సుమారు 2.3 లక్షల మంది ఉన్న పరిస్థితిని చూసి చెప్పింది. ఇజ్రాయెల్ అక్కడ ఉండడమే చట్టవిరుద్ధం అన్న అంశంపై 11 మంది ఒకవైపు, నలుగురు మరోవైపు. ఆ 11 మందిలో మన దేశానికి చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఉన్నారు.

ఇప్పుడు మన రికార్డు తెరుద్దాం. జెనీవా ఒప్పందాలను మనం 1950 నవంబరులో, ఇజ్రాయెల్ కన్నా ముందే, ధ్రువీకరించాం. 1960లో దానికోసం పార్లమెంటు చట్టం కూడా చేసింది. 2023 నవంబరు 9న ఆవాసాలను ఖండించే తీర్మానం సర్వసభ్య సభ నాలుగో కమిటీకి వస్తే, అవునన్న 145 దేశాల్లో మనమూ ఉన్నాం. గాజా యుద్ధం మొదలై నెల రోజులు దాటిన సమయమది, ఒత్తిడి లేదని ఎవరూ అనలేరు. 2024 సెప్టెంబరులో ఓటింగుకు దూరం. అదే ఏడాది డిసెంబరు 3న పాలస్తీనా సమస్య శాంతియుత పరిష్కారం తీర్మానానికి అవునన్న 157 దేశాల్లో మళ్లీ మనమూ ఉన్నాం. ఆ మధ్యకాలంలో 49వ అధికరణం మారలేదు. కాబట్టి మారింది చట్టం మీద మన అభిప్రాయం కాదని అనుకుంటున్నాను. మరేమిటి?

చర్చలు, దౌత్యమే మార్గమని, రెండు పక్షాలనూ దగ్గర చేయాలి తప్ప దూరం చేయకూడదని 2024 సెప్టెంబరు ఓటింగు రోజు మన వివరణ. వినడానికి బాగుంది. కానీ పొలం చుట్టూ కంచె కడుతున్నవాడు, కంచె ఆపకుండానే రాజీకి కూర్చుందాం అంటే, ఏ వకీలైనా ముందు ఇంజంక్షన్ అడుగుతాడు. రాజీ ఆ తర్వాతి మాట. 2025 ఆగస్టులో జెరూసలేం తూర్పున ఈ-1 అనే చోట 3,400 ఇళ్ల ప్రణాళికకు ఆమోదం వచ్చింది. అదే ఏడాది మేలో, 1968లో ఆపిన భూమి రికార్డుల పనిని సి ప్రాంతంలో, అంటే వెస్ట్ బ్యాంకులో పూర్తిగా ఇజ్రాయెల్ నియంత్రణలో ఉన్న భాగంలో, మళ్లీ తెరవాలని ఇజ్రాయెల్ మంత్రివర్గం నిర్ణయించింది. 57 ఏళ్లు మూసి ఉంచిన రిజిస్టరును ఇప్పుడు ఎవరి పేర్లు రాయడానికి తెరుస్తున్నారో భూమి దావాలు నడిపినవాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

గడువు పెట్టడమే మీకు నచ్చలేదని ఎవరైనా అనవచ్చు. ఆ తీర్మానంలో ఆవాసాలకు మించిన విషయాలు, ఆయుధాలు, ఆంక్షలు కూడా ఉన్న మాట నిజం. అందులో కొన్నింటితో పేచీ ఉండవచ్చు. అయితే హిందూ మహాసముద్రంలో బ్రిటన్ తన చేతిలో ఉంచుకున్న, మారిషస్ తనవంటున్న చాగోస్ దీవుల మాటేమిటి? 2018లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో మారిషస్ పక్షాన మన దేశమే నిలబడింది. ఇది బ్రిటన్, మారిషస్ మధ్య ఇద్దరి తగాదా, కోర్టు కల్పించుకోకూడదని బ్రిటన్ అంటే, కాదు, వలసపాలన ముగింపుకు సంబంధించిన ప్రశ్న, కోర్టు చెప్పవచ్చు అని మనం వాదించాం. బాగా వాదించాం. 2019 ఫిబ్రవరిలో సలహా తీర్పు వచ్చింది. మే 22న సర్వసభ్య సభ బ్రిటన్‌కు ఆరు నెలల గడువు పెట్టింది. ఆ తీర్మానానికి మనం అవునన్నాం. సలహా తీర్పు అక్కడా అదే కోర్టుది, గడువు పెట్టింది అక్కడా అదే సభ. హిందూ మహాసముద్రంలో ఆరు నెలలు సబబైతే, జోర్డాన్ నది పక్కన పన్నెండు నెలలు ఎందుకు తొందరపాటు అయిందో చట్టం భాషలో చెప్పగలరా?

మీ మనసులో కశ్మీర్ ఉందని నా అనుమానం. రేపు ఇలాంటి సలహా తీర్పును మన మీదికి ఎవరైనా తెస్తారేమో అన్న భయం. బహుశా గోవా కూడా. 1969లో మాంటీరో కేసులో మన సుప్రీంకోర్టు, గోవా భారతదేశంలో కలిసిపోయాక ఆక్రమణ ముగిసింది, జెనీవా ఒప్పందం రక్షణ ఇక వర్తించదని చెప్పింది. ఈ తీర్పును ఇజ్రాయెల్ వకీళ్లు చదివితే ముచ్చటపడతారు. కానీ పోలిక రెండడుగులు కూడా నడవదు. గోవా ప్రజలు భారత పౌరులయ్యారు, పార్లమెంటుకు ఓటేశారు, 1974 చివర్లో పోర్చుగల్ స్వయంగా ఒప్పందం మీద సంతకం పెట్టింది. వెస్ట్ బ్యాంకులోని హెబ్రోన్‌లో ఒకే వీధిలో ఉంటున్న ఒక ఇజ్రాయెలీ, ఒక పాలస్తీనియుడిలో మొదటి ఆయన ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌కు ఓటేస్తారు, తప్పు చేస్తే పౌర కోర్టుకు వెళతారు. రెండో ఆయనకు ఆ ఓటు లేదు, ఆయన్ను తీసుకెళ్లేది సైనిక కోర్టుకు. మన కేసు వేరని మనకు నమ్మకం ఉంటే, ఆ తేడా గట్టిగా చెప్పడమే మనకు రక్ష. నోరు మెదపకపోతే, రెండూ ఒకటేనని మనమే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

ఇక అడగవలసినవి. మొదటిది, 49వ అధికరణం మీద, 2024 తీర్పు మీద మీ విభాగం అభిప్రాయాన్ని ప్రచురించండి. గోప్యత ఉన్న పేరాలు కొట్టేసి ఇచ్చినా పరవాలేదు. ఆవాసాల సరుకు విషయంలో కూడా ఒక మాట చెప్పండి. అక్కడి ద్రాక్షసారా సీసా మీద ఇజ్రాయెల్ ఉత్పత్తి అని మాత్రమే రాస్తే కొనేవాడిని తప్పుదారి పట్టించినట్టేనని, ఆవాసం నుంచి వచ్చిందని కూడా రాయాలని 2019లోనే ఐరోపా న్యాయస్థానం తేల్చింది. కొనవద్దని కాదు, ఎక్కడిదో రాయమని.

చివరిదే నాకు అన్నిటికన్నా దగ్గరి విషయం. 2023 అక్టోబరు తర్వాత పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దు చేసి, ఆ ఖాళీలు నింపడానికి ఇజ్రాయెల్ మన దగ్గర మనుషులను ఎంపిక చేసుకుంది. హరియాణా, ఉత్తరప్రదేశ్‌లతోపాటు తెలంగాణ నుంచి కూడా వెళ్లారు. సెంట్రింగు కొట్టేవాళ్లు, ఇనుప చువ్వలు వంచేవాళ్లు, ప్లాస్టరింగు చేసేవాళ్లు, టైల్స్ వేసేవాళ్లు. ఇజ్రాయెల్‌కూ వెస్ట్ బ్యాంకుకూ మధ్య 1967కు ముందున్న హద్దు, గ్రీన్ లైన్ అంటే ఏమిటో వాళ్లకు ఎవరు చెప్పాలి? మేస్త్రీ వ్యాను ఎక్కమంటే ఎక్కుతారు, దిగమన్న చోట దిగి పని మొదలుపెడతారు. చట్టవిరుద్ధ పరిస్థితి కొనసాగడానికి ఏ దేశమూ సాయం చేయకూడదన్నది 2024 తీర్పులో ఉన్న మాట. ఆవాసంలో శ్లాబు పోయడానికి మనుషులను పంపితే, దాన్ని సాయం కాదని ఎలా అంటాం? 2017లో చైనా ఇదే రకం ఒప్పందం చేసుకున్నప్పుడు, తన కార్మికులను వెస్ట్ బ్యాంకు ఆవాసాల్లో వాడకూడదని షరతు పెట్టింది.

మన కార్మికుడి ఒప్పంద పత్రంలో పని స్థలం అన్న గడి ఎదురుగా అలాంటి వాక్యం ఒకటి ఉండాలి, తెలుగులో, హిందీలో, వాళ్లు చదివే భాషలో. దానికి సర్వసభ్య సభలో ఓటు అక్కర్లేదు. మీ విభాగం నుంచి ఒక నోటు చాలు.

ఇట్లు,
జిల్లా కోర్టులో భూమి దావాల న్యాయవాది,
గుంటూరు